రాకెట్ పోగులు

ప్రకాశరావుకు రాకెట్ అంటే ఏమిటో తెలియదు. తెలియకపోవడం నేరమేమీ కాదు. ఆ రోజుల్లో గిద్దలూరు తాలూకాలో ఎవరికి తెలుసు గనక! కానీ తనకు తెలియదన్న సంగతి ఆయనకు తెలియదు. చెప్పే దమ్ము చుట్టూ చేరినవాళ్ళకు లేదు. అట్లాంటి మనిషిని తెచ్చి, దేశం మొత్తంలో ఏ శాస్త్రవేత్త కట్టిన పెట్టె ఆకాశానికి పోవాలో, ఎవరిది మూలన పడుండాలో తేల్చే కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. ఎందుకు చేశారయ్యా అంటే, ఆయన రెవెన్యూ ఉద్యోగంలో ఉన్నప్పుడు తెగ్గొట్టని తగాదా లేదట. గట్ల తగాదాలు, కాలవ నీళ్ళ తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, అన్నీ ఆయన ముందుకు వస్తే మంచులా విడిపోయేవట. శాస్త్రవేత్తలూ తగాదా పడే జాతే కదా, ఈయనైతే సర్దేస్తాడని ఢిల్లీలో ఎవరో మహానుభావుడికి తోచింది.

రాష్ట్రం ఏర్పడి పదేళ్ళు దాటింది. మార్కాపురం, గిద్దలూరు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. ఒక పరాయి దేశం స్నేహం కొద్దీ మనకొక రాకెట్ ఇస్తానంది. దాని ముక్కులో ముప్పై కిలోల బరువు పెట్టుకోవచ్చు. మనిషి ఎక్కేది కాదు, యంత్రం ఎక్కేది. ఆ యంత్రం పైకి పోయి, కొలవాల్సింది తనంతట తానే కొలిచి, కొలిచింది రేడియోలో కిందికి చెప్పి, చివరికి సముద్రంలో పడి చస్తుంది. ఒక్కటే రాకెట్. నాకంటే నాకని ఐదుగురు అడిగారు.

ఆ ఐదుగురిలో ఎలీషబా ఒకతె. మార్కాపురం పలక గనుల్లో రాళ్ళు మోసిన ఏబేలు కూతురు. మిషన్ హాస్టల్లో చదువుకుని, మద్రాసు పోయి, అక్కణ్ణుంచి బొంబాయిలో ఒక ప్రయోగశాలలో చేరింది. నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్‌రేలను పట్టే పెట్టెను ఏడేళ్ళుగా కడుతోంది. ఆ కిరణాలు నేల దాకా రావు, దారిలోనే గాలి మింగేస్తుంది. గాలి పొర దాటి పైకి పోయిన పెట్టెకే అవి కనిపిస్తాయి. నాలుగైదు నిమిషాలు కనిపించినా చాలు, ఏడేళ్ళ కష్టానికి ఫలితం దక్కుతుంది. పోకపోతే మాత్రం అది బట్టలు దాచుకోవడానికి కూడా పనికిరాని పెట్టె.

కమిటీ ఢిల్లీలో కూర్చోవాలి. కానీ ఆ వారమే గిద్దలూరు పక్కనున్న ప్రకాశరావు సొంతూళ్ళో దేవర వచ్చిపడింది. ఊరమ్మకు పొట్టేళ్ళు కొట్టే పండగ అది. మొదటి పొట్టేలు ప్రకాశరావు ఇంటిది, ఇంటి పెద్ద ఎదురుగా లేకుండా కత్తి లేవదు. "దేవర ఆగదు, రాకెట్ ఆగుతాది" అని ఆయన కమిటీనే గిద్దలూరు ట్రావెలర్స్ బంగళాకు రమ్మన్నాడు. దేశంలో గొప్ప బుర్రలన్నీ మారుమాట లేకుండా బొగ్గుపొగ మింగుకుంటూ చిన్న రైల్లో వచ్చాయి. ఇదేమిటని ఒక్కడూ అడగలేదు.

ఎలీషబా ముందే వచ్చి తండ్రిని చూసుకుని, మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కింది. రైలు పెట్టెలో జీవానందం కనిపించాడు. కురిచేడు కుర్రాడు, పాదిరిగారి మనవడు, మెత్తటి మనిషి. ఐదుగురిలో అతనూ ఒకడు. మన నెత్తిమీద, ఆకాశంలో చాలా ఎత్తున ఒక విద్యుత్ ప్రవాహం ఏరులా పారుతోందని, అది ఎంత ఎత్తున ఎంత జోరుగా పారుతోందో తన పెట్టె కొలుస్తుందని అతని ప్రతిపాదన. ఎలీషబా అది చదివింది. మంచి ఆలోచన. పోటీదారుదని తెలిసినా చదువుతూ రెండుసార్లు "భేష్" అనుకుంది.

"నాకు రాకపోతే నీకు రావాలబ్బాయ్. మిగతా మూడూ చెత్త" అంది.

"అట్లనొద్దక్కా, ఎవురన్నా వింటారు" అని జీవానందం అటూ ఇటూ చూశాడు. ఆ పెట్టెలో వాళ్ళు కాక, మూట మీద తల పెట్టుకుని నిద్రపోతున్న ముసలామె ఒక్కతే ఉంది.

*

మిగతా మూడూ చెత్తే. అది అసూయతో అన్న మాట కాదు.

ఒకటి రామసుబ్బయ్యది. ఆయన పెద్ద ప్రొఫెసరు. ఎంత ఎత్తుకు పోతే ఎంత చలి ఉంటుందో కొలుస్తానంటాడు. అది నాలుగు దేశాలవాళ్ళు ఎప్పుడో కొలిచి పుస్తకాల్లో అచ్చు వేశారు, ఆ పుస్తకాలే ఈయన పిల్లలకు పాఠం చెబుతాడు. పైగా కమిటీకి కార్యదర్శీ ఆయనే, అర్జీదారూ ఆయనే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది ఏర్పాటు.

ఇంకొకటి బ్రహ్మానిది. బ్రహ్మం వ్యవసాయం చదివాడు, ప్రకాశరావుకు మేనల్లుడు. జొన్న గింజలు, సజ్జ గింజలు రాకెట్‌లో పైకి పంపితే తిరిగొచ్చాక బాగా మొలుస్తాయేమో చూస్తానన్నాడు.

"రాకెట్ సముద్రంలో గదా పడేది. గింజలు యాడ దొరుకుతాయి?" అని బంగళాలో అందరి ముందే ఎలీషబా అడిగింది.

బ్రహ్మం ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ ఆలోచన అతనికి అంతకుముందు వచ్చినట్టు లేదు. "అది రెండో దశలో చూసుకుంటాము" అన్నాడు. రామసుబ్బయ్య "మంచి సమాధానం" అని రాసుకున్నాడు.

ఐదోది ఢిల్లీ వాళ్ళది. మనిషి రాలేదు. పైనుంచి ఒక పెద్దాయన గొంతుతో శుభాకాంక్షలు వినిపించే రేడియో పెట్టె అది. ఏమీ కొలవదు, మాట్లాడుతుందంతే. దాని గురించి ప్రకాశరావే నిలబడి భక్తిగా చెప్పాడు.

ఎలీషబా తన పెట్టె గురించి చెబుతున్నంతసేపూ ప్రకాశరావు గడియారం చూసుకున్నాడు. పదకొండింటికి కత్తి లేవాలి. చివర్లో మాత్రం ఒక ప్రశ్న వేశాడు. "చుక్కలు మనకు కింది నుంచే కనపడతాండాయి గదమ్మా, పైకి పోయేది ఎందుకు?"

ఆమె ఓపిగ్గా మొదటి నుంచి చెప్పింది. ఆయన తల ఊపాడు. దున్నపోతు మీద వాన కురిసింది.

"బరువెంత?"

"ఇరవై ఆరు కిలోలు. అంతకు ఒక్క గ్రాము తగ్గినా లాభం లేదు."

జీవానందాన్నీ అదే అడిగారు. అతను చేతులు కట్టుకుని లేచి, "ఇరవై సార్. పీకి పీకి పన్నెండుకు దించగలను. పన్నెండుకు కింద అయితే అది ఏమీ కొలవదు, ఉత్త డబ్బా" అన్నాడు. ఆ మాట అందరూ విన్నారు, రామసుబ్బయ్య రాసుకున్నాడు కూడా.

*

పదిన్నరకు అందరినీ జీపుల్లో ఊరికి తీసుకుపోయారు. దేవర అయింది. తర్వాత, మోదుగాకులు పరిచిన చోట చెన్నయ్య అనే మనిషి మాంసాన్ని పోగులు వేస్తుంటే, ప్రకాశరావు శాస్త్రవేత్తలను చుట్టూ నిలబెట్టి కోడలి నగలు చూపించినట్టు చూపించాడు.

"చూడండి ముచ్చట! ఒక్కో పోగులో ఇంత కండ, ఇంత ఎముక, ఇంత కార్జం, ఇంత కొవ్వు. ఒకరికి ఎక్కువ లేదు, ఒకరికి తక్కువ లేదు. మా తాతకాలం నుంచి ఈ ఊర్లో పోగు కాడ కొట్లాట లేదు."

పోగులు వేయడం అయ్యాక ఒకడు వాటికి వీపు చేసి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చెన్నయ్య కట్టెతో ఒక పోగును చూపించి "ఇది ఎవురిది?" అంటే, అటు తిరిగినవాడు చూడకుండానే ఒక పేరు పిలుస్తాడు. ఆ పోగు ఆ పేరు గలవాడిది. దానికి తిరుగులేదు, అప్పీలు లేదు. రామసుబ్బయ్య పులకించిపోయాడు. "ఇదే కదండీ ప్రజాస్వామ్యం!" అన్నాడు.

"పల్లెవాళ్ళకు కూడా పోగు ఉంటాదా అయ్యా?" అని అడిగింది ఎలీషబా. పల్లె అంటే తన నాయన లాంటివాళ్ళు ఉండే గుడిసెలు, ఊరికి దిగువన ఉన్నాయి.

"వాళ్ళకు తలకాయలు, పేగులు పోతాయి గదమ్మా. అది వేరే లెక్క. వాళ్ళు ఏనాడూ కాదనలేదు."

"ఏనాడన్నా అడిగినారా?"

ప్రకాశరావు నవ్వాడు. చిన్నపిల్ల ముద్దుగా ఏదో అన్నట్టు నవ్వి, పక్కకు తిరిగి బ్రహ్మం తిన్నాడో లేదో కనుక్కున్నాడు.

భోజనాల దగ్గర ఎలీషబా పెరుగన్నం, అరటిపండు తిని లేచింది. విగ్రహాలకు అర్పించింది వాళ్ళింట్లో తినరు. జీవానందం ఇంట్లోనైతే మరీ తినరు. కానీ అతని విస్తట్లో మాంసం ఉంది, అతను తల వంచుకుని తింటున్నాడు.

"ఏంది, తింటాండావు?" అంది చెయ్యి కడుక్కునే చోట.

"పెద్దాయన చేత్తో వడ్డించినాడక్కా. వద్దంటే నొచ్చుకుంటాడు."

"మీ తాత నొచ్చుకోడా?"

"తాతకు తెలీదు గదా" అన్నాడు జీవానందం. ఎలీషబాకు నవ్వొచ్చింది, వదిలేసింది. ఆకలేసి తిన్నాడులే అనుకుంది.

*

సాయంత్రం బంగళాలో మళ్ళీ కూర్చున్నారు. ప్రకాశరావు ఒక కునుకు తీసి, తాంబూలం వేసుకుని, ముఖం వెలిగిపోతూ వచ్చాడు. కాగితాలు ఎగరకుండా పెట్టిన పలకముక్కలు బల్లమీద ఉన్నాయి. ఐదింటిని తీసి ఒకదాని కింద ఒకటి వరసగా పేర్చాడు.

"పొద్దుటి నుంచి మీరంతా నాదంటే నాదని కొట్లాడుతాండారు. ఒకరికిస్తే నలుగురికి మనసు నొప్పి. ఇంతమంది ఉసురు పోసుకునే అవసరం ఏముంది? ముప్పై కిలోలు. ఐదు మంది. తలా ఆరు కిలోలు. ఇది రాకెట్ ముక్కు అనుకోండి. ఇది కొన, ఇది అడుగు. ఏ చోటు ఎవురిదో మా ఊరి పద్ధతిలో తేలుద్దాము."

ఎవరో ఒకరు నవ్వుతారని ఎలీషబా ఎదురుచూసింది. ఎవరూ నవ్వలేదు. రామసుబ్బయ్య చప్పట్లు కొట్టాడు. దిక్కుమాలిన చప్పట్లు! ఆరు కిలోల్లో ఆయన థర్మామీటరు హాయిగా పడుతుంది మరి.

ఆమె లేచింది. "సార్, ఒక్క మాట. పొట్టేలును పోగులెయ్యాలంటే ముందు చంపాల. మా పెట్టెలు బతికుంటేనే పనిచేసేవి. నా పెట్టెలో ఆరు కిలోలు కోసుకుంటే మిగిలేది కార్జం కాదు, శవం. ఎవురో ఒకరికి మొత్తం ఇయ్యండి. నాకే ఇయ్యమనడం లేదు."

"మాట మంచి పదునుగా ఉంది" అన్నాడు ప్రకాశరావు మెచ్చుకోలుగా. "కానీ ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటే ఎట్లమ్మా? సర్దుకోవాల. రామసుబ్బయ్యగారూ, మీరు గోడవైపు తిరగండి."

ఆయన తిరిగాడు. ఎనిమిది డిగ్రీలున్న ప్రొఫెసరు, ఎవరిని చూస్తే విద్యార్థులు లేచి నిలబడతారో ఆ మనిషి, దొరతనం కాలం నాటి సున్నపు గోడకు ముక్కు ఆనించి నిలబడ్డాడు. ప్రకాశరావు చూపుడువేలు కొన మీది పలకముక్క మీద పెట్టాడు.

"ఇది ఎవురిది?"

"బ్రహ్మంది!"

రాకెట్ మొత్తం మీద ఆకాశం విప్పారి కనిపించే చోటు అదొక్కటే. అది సజ్జ గింజలకు పోయింది. రెండోది ఢిల్లీ పెద్దాయన గొంతుకు. మూడోదానికి రామసుబ్బయ్య పేరు రామసుబ్బయ్యే పిలుచుకున్నాడు. నాలుగోది జీవానందానిది. అడుగున కిటికీ లేని, చీకటి కొట్టులాంటి చోటు మిగిలింది. చుక్కల్ని చూడాల్సిన పెట్టెకు అది వచ్చింది.

"దేవుడి నిర్ణయం" అన్నాడు ప్రకాశరావు.

ఎలీషబా అడుగున ఉన్న పలకముక్కను చూసింది. ఏడేళ్ళు. పెళ్ళి మాట ఎత్తితే "ఇది పైకి పోనీ" అని వాయిదా వేసింది. నాయనకు జబ్బు చేసినప్పుడు కూడా రెండు రోజులుండి తిరిగిపోయింది. ఇదంతా ఒక పలకముక్క కింద పోయింది. ఛీ, వీళ్ళ బతుకులు! వీళ్ళ చేతిలో ఆకాశం పెట్టినా గొడ్లసావిడి చేస్తారు. తిట్టాలనిపించింది. కానీ తిడితే ఏమొస్తుంది? తన పెట్టె చచ్చింది, అది ఖాయం. ఇంకేదన్నా బతుకుతుందా అని చూసింది. చూస్తే ఒక్క దారి కనిపించింది.

"నా పోగు నాకొద్దు" అంది. "నేను తప్పుకుంటాండా. నా ఆరు కిలోలు జీవానందానికి రాయండి. ఆయన ఆరు, నా ఆరు కలిపి పన్నెండు. పన్నెండుంటే ఆయన పెట్టె పనిచేస్తాది. పొద్దున మీ ముందరే చెప్పినాడు. ఒక్కటన్నా నిజంగా ఏదన్నా కొలిచి చెప్తాది, మన పేరు నిలబడుతాది."

గదిలో కొంతమంది తలలు దించుకున్నారు. ఆ మాటలో ఉన్న త్యాగం వాళ్ళకు అర్థమయ్యే ఉంటుంది, మరీ రాళ్ళేమీ కాదు. ప్రకాశరావు మాత్రం నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు.

"అట్ల కుదరదమ్మా. వద్దన్న పోగు మళ్ళీ ఊరిది. దాన్ని ఉన్నవాళ్ళందరికీ సర్దాల. నీకు నచ్చినోడికి, మీవాడికి పెట్టుకునేదానికి అది నీ ఇంట్లో వండిన కూర కాదు గదా."

'మీవాడు' అన్న మాట ఆయన మెల్లగానే అన్నాడు. అందరికీ వినపడింది.

"ఆరును నాలుగు చేస్తే ఒకటిన్నర. తలా ఏడున్నర కిలోలు" అని రామసుబ్బయ్య లెక్క చెప్పాడు. ఆ రోజు మొత్తంలో ఆయన చేసిన శాస్త్రం అదే.

"ఏడున్నర ఎవురికి పనికొస్తాది సార్? గింజలు ఇంకో దోసెడు పోస్తారా?" అని ఎలీషబా జీవానందం వైపు తిరిగింది. "నువ్వు చెప్పబ్బా. నీ పెట్టె గురించి నువ్వే చెప్పాల. పన్నెండు లేకపోతే ఉత్త డబ్బా అన్నావా లేదా? ఆ మాట మళ్ళీ ఒక్కసారి చెప్పు చాలు."

అందరూ అతని వైపు చూశారు. ప్రకాశరావు కూడా వక్క నమలడం ఆపి చూశాడు. నిజానికి ఆ క్షణంలో ఆయన కొంచెం తడబడ్డాడు. పట్టుబట్టి అడిగితే ఇచ్చేవాడేమో. తగాదాలు తీర్చేవాళ్ళకు ఒక గుణముంటుంది, గట్టిగా నిలబడ్డవాడి ముందు వాళ్ళు దారిస్తారు.

జీవానందం లేచాడు. చొక్కా చివర సరిచేసుకున్నాడు. బల్ల మీది పలకముక్కల్ని చూశాడు. "పెద్దలు ఎట్ల చెప్తే అట్లనే సార్" అన్నాడు.

"చూసినావా, బంగారం లాంటి పిల్లోడు!" అని ప్రకాశరావు అతని వీపు తట్టాడు. టీలు వచ్చాయి. ఎవరి మనసూ నొప్పించకుండా కమిటీ ముగిసిందని రామసుబ్బయ్య మూడు వాక్యాల్లో ధన్యవాదాలు చెప్పాడు. బ్రహ్మం ఎలీషబాకు బిస్కెట్లు అందించబోయాడు. ఆమె బయటికి నడిచింది.

*

గిద్దలూరు స్టేషన్‌లో మార్కాపురం వైపు పోయే రైలు ఇంకా రాలేదు. ఎండ వాలింది. ఎలీషబా బెంచీ మీద నిటారుగా కూర్చుంది. ప్రకాశరావు గురించి ఆలోచిస్తే నవ్వు, అసహ్యం రెండూ వస్తున్నాయి. ఆయన ఆయన పద్ధతిలోనే ఉన్నాడు. తెలియనివాడు తెలియని పని చేశాడు. కోతికి కొబ్బరికాయ ఇచ్చినవాళ్ళను అనాలి గానీ కోతిని అని లాభమేముంది?

జీవానందం వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో ఆకుపొట్లం ఉంది, దేవర మాంసం కట్టిచ్చారు కాబోలు. బెంచీకి ఆ కొసన ఒదిగి కూర్చున్నాడు.

"కోపమొచ్చిందా అక్కా?"

ఆమె పట్టాల వైపే చూస్తోంది.

"నేను ఎదురుచెప్పుంటే ఆ ఆరు కూడా తీసేసేవాళ్ళు. ఊరికే ఎందుకు గొడవని..." అని నసిగాడు. తర్వాత, ఏదో మంచి మాట చెప్పాలన్న ఉత్సాహంతో ముందుకు జరిగాడు. "నీ చలవతో నాకు ఒకటిన్నర కిలో కలిసొచ్చిందక్కా. మరిచిపోను. నా పెట్టె మీద నీ పేరు కూడా చెక్కిస్తా."

ఎలీషబా మెల్లగా అతని వైపు తిరిగింది. ఎంత చదివాడు వీడు! ఎంత తెలుసు వీడికి! ఆ బంగళాలో తను చెప్పింది అక్షరం అక్షరం అర్థమైన మనిషి వీడొక్కడే.

"ఏడున్నర కిలోల్లో నీ పెట్టె ఏం కొలుస్తాది?"

అతను నిజం చెప్పాడు. అబద్ధమాడే గుణం అతనిలో లేదు. "ఏమీ కొలవదక్కా."

"మరి ఎందుకు పంపేది?"

ఆమెకు ఇంత చిన్న విషయం తెలియకపోవడం అతనికి వింతగా అనిపించినట్టుంది. "పైకి పోతాది గదక్కా" అన్నాడు.

పొద్దుటి నుంచి ఇంతమంది మధ్య కంట తడి పెట్టని ఎలీషబా, ఆ మాటకు ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. జీవానందం హడలిపోయి, ఆకుపొట్లం బెంచీ మీద పెట్టి, ఆమెకు మంచినీళ్ళు తెద్దామని కుళాయి వైపు పరుగెత్తాడు.